వేడినీళ్ల తొట్టి, మా ఆయన పానాలు

మా అమ్మాయి గోపన్‌పల్లిలో పై అంతస్తు ఫ్లాటు కొని మమ్మల్నీ తెచ్చుకున్నప్పుడు టెర్రస్ మీది హాట్ టబ్బు కూడా దాంతోపాటే వచ్చింది. పాత ఓనరు దాన్ని కిందికి దింపించడం చేతకాక వదిలేసి పోయాడట. నలుగురు కూర్చోగలిగే తొట్టి. స్విచ్చు వేస్తే నాలుగు వైపుల నుంచి వేడినీళ్లు వచ్చి ఒంటిని గుద్దుతాయి. నేను మొదట్లో పగలబడి నవ్వాను. బాలానగర్‌లో రెండు గదుల కిరాయి ఇంట్లో, నల్లా వచ్చిన గంటలో డ్రమ్ములు నింపుకుంటూ ముప్పై ఏళ్లు కాపురం చేసినదాన్ని. ఈ వయసులో నాకు ఆకాశం కింద జలకాలాటలేమిటి అన్నాను.

అలా అన్నదాన్నే నెల తిరిగేసరికి రోజూ సాయంత్రం ఐదింటికి టవలు భుజాన వేసుకుని టెర్రస్ తలుపు తీయడం మొదలుపెట్టాను. కారణం నా మోకాళ్లు. మాత్రలు, నూనెలు, పట్టీలు చేయలేని పని ఆ నీళ్లు చేశాయి. అంతకుముందు షేర్ ఆటో ఎక్కలేక నానక్‌రామ్‌గూడలో ఉండే మా చెల్లెలింటికి వెళ్లడమే మానేశాను. ఆ నీళ్ల పుణ్యమా అని ఒకరోజు ఒక్కదాన్నే ఆటో ఎక్కి వెళ్లి, పొద్దంతా ముచ్చట్లు పెట్టుకుని, మళ్లీ ఒక్కదాన్నే తిరిగొచ్చాను. ఆ రోజు కలిగినంత గర్వం నాకు పెళ్లినాడు కూడా కలగలేదు.

అలాంటి తొట్టి వానాకాలం మొదట్లో ఒకరోజు గట్టిగా మూలిగి ఆగిపోయింది. వారం తిరగకముందే నా మోకాళ్లు మళ్లీ పట్టేశాయి. ఎప్పుడొస్తున్నావని చెల్లెలు ఫోన్ చేస్తే వానలని ఒకసారి, వ్రతమని ఒకసారి అబద్ధాలాడాను.

ఇలాంటివి బాగుచేసే కంపెనీ ఉంది, ఫోన్ చేస్తే మనిషి వస్తాడు అంది అమ్మాయి. అంతే, మా ఆయన ముఖం మాడ్చుకున్నాడు. ఆయన బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. మా ఇంట్లో ఫ్యాను గానీ, మిక్సీ గానీ, కుట్టు మిషను గానీ పరాయి మెకానిక్ చెయ్యి ఎరగదు. బయటివాణ్ణి పిలవడమంటే ఆయనకు, ఇంట్లో పొయ్యి పెట్టుకుని పక్కింట్లో అన్నం అడుక్కున్నట్టు. ఏముంది దాంట్లో, ఒక మోటారు, ఒక హీటరు, నాలుగు పైపులు, అంతే కదా అన్నాడు. పోనీ ఇదైనా చూడమని అమ్మాయి ఫోన్‌లో ఒక వీడియో పెట్టింది. అందులో ఒకాయన తెల్లచొక్కా వేసుకుని టబ్బు విప్పుతున్నాడు. మా ఆయన రెండు నిమిషాలు చూసి, చొక్కాకు గ్రీజు అంటనివాడు మెకానికే కాదని ఫోన్ తిరిగి ఇచ్చేశాడు.

వాళ్లిద్దరి మధ్య నా పని అడకత్తెరలో పోకచెక్క అయింది. కంపెనీ అంటే ఆయన చిన్నబోతాడు. ఆయన్నే చేయమంటే ఎన్నాళ్లకు తేలుతుందో తెలియదు. మోకాళ్లేమో నావి. నిజం చెప్పొద్దూ, ఆయన పనితనం మీద నాకు పూర్తి నమ్మకం, వేగం మీదే లేదు. కుక్కరు పిడి బిగించడానికి పది రోజులు తీసుకున్న మనిషి. చివరికి నాలుగు రోజులు గడువిస్తున్నానని, ఆ తర్వాత కంపెనీవాళ్లేనని చెప్పాను.

ఆ నాలుగు రోజులూ మా టెర్రసే ఒక వర్క్‌షాపు అయింది. ఎక్కడ చూసినా పానాలు, పాత పేపర్ల మీద వరుసగా పేర్చిన నట్లు. ఆయన పొద్దున్నే టిఫిన్ తిని తొట్టి పక్కన గొంతుక్కూర్చుంటే మళ్లీ అన్నానికే లేచేవాడు. మోటారు బేరింగు పోయింది, నీళ్లు కారకుండా ఆపే రబ్బరు సీలు అరిగిపోయింది. వాటిని సంచిలో వేసుకుని రెండు బస్సులు మారి బాలానగర్ వెళ్లాడు. పాత దోస్తులతో చాయ్ తాగి, సరిగ్గా అదే కొలత సీలు దొరికేదాకా దుకాణాలన్నీ గాలించి, సాయంత్రానికి పెళ్లికొడుకులా తిరిగొచ్చాడు. మూడోనాడు మోటారు చప్పుడు లేకుండా తిరిగింది. అమ్మాయి ఆఫీసు మీటింగు మధ్యలో లేచొచ్చి మరీ చప్పట్లు కొట్టింది. నేను టవలు తెచ్చుకున్నాను.

నీళ్లు ఇంకా వేడెక్కనైనా లేదు, పది నిమిషాలైందో లేదో టప్పున కరెంటు పోయింది. మళ్లీ వేశాడు, మళ్లీ పోయింది. బోర్డు మీద ఒక స్విచ్చు దానంతటదే పడిపోతోంది. ఆయన చీకటి పడేదాకా ప్రతి వైరూ పట్టి చూశాడు, ప్రతి జాయింటుకూ కొత్త టేపు చుట్టాడు. తప్పు ఎక్కడుందో దొరకలేదు.

నాలుగోరోజు పొద్దున సంగతి తెలిసి మా అపార్టుమెంటు ఎలక్ట్రీషియన్ తనంతట తానే వచ్చాడు. మంచివాడు, మా ఆయనంటే గౌరవం. అంతా చూసి, స్విచ్చే పాడై ఉంటుందని తేల్చాడు.

"డైరెక్ట్ ఇచ్చెయ్ కాకా, ఫికర్ లేదు. రెండు నిమిషాల పని," అన్నాడు. అంటే ఆ స్విచ్చును తప్పించి, కరెంటును నేరుగా తొట్టికి కలపమని.

ఆ మాటకు నాకు ప్రాణం లేచొచ్చింది. రెండు నిమిషాలే కదా, ఇచ్చేయరాదూ అని నేనూ వంత పాడాను. మా ఆయన వైర్లు చేత్తో పట్టుకుని బోర్డు ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఫ్యాక్టరీలో ఎన్ని మిషన్లకు అలా డైరెక్ట్ ఇచ్చాడో ఇంటికొచ్చి గొప్పగా చెప్పినవాడే. అందుకే ఇప్పుడెందుకు ఆలోచిస్తున్నాడో నాకు అర్థం కాలేదు. చివరికి వైర్లు వదిలేసి, స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని నా వైపు తిరిగాడు.

"నేను కూసునేదుంటే డైరెక్టే ఇస్తుంటి," అన్నాడు. "కూసునేది నువ్వాయె."

నలభై ఏళ్ల కాపురంలో కూర బాగుందని కూడా నోరు తెరిచి చెప్పని మనిషి. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పరాయివాడి ముందు ఎందుకని వంటింట్లోకి వెళ్లి చాయ్ పెట్టాను. తిరిగొచ్చేసరికి ఆయనే అమ్మాయిని నంబరు అడిగి కంపెనీకి ఫోన్ చేస్తున్నాడు.

మర్నాడు వచ్చిన కంపెనీ మనిషి కోస్తా వాడు, మాటకొక అండి. మీటరు పెట్టి పావుగంటలో పట్టేశాడు. బోరు నీళ్ల ఉప్పు పేరుకుని హీటరు కాయిల్ మీద వెంట్రుకంత పగులు వచ్చిందట. అక్కడి నుంచి కరెంటు నీళ్లలోకి కారుతోంది. అది కనిపెట్టి పడిపోవడమే ఆ స్విచ్చు పని. దాన్ని తప్పించి నేను తొట్టిలో కూర్చుని ఉంటే ఏమయ్యేదని అడిగాను.

"అది అడక్కండమ్మా," అన్నాడు.

హీటరు మార్చాక మోటారు చూసి, ఈ సీలు ఎవరు వేశారండీ, మావాళ్లు కూడా ఇంత శుభ్రంగా వేయరు అన్నాడు. మా ఆయన వినబడనట్టు మబ్బుల వైపు చూశాడు గానీ చెవులు మాత్రం ఇటే ఉన్నాయి. రంగురంగుల లైట్లు, పాటల స్పీకరు కూడా పెట్టించుకోమని ఆ మనిషి ఊరించాడు. దిగేటప్పుడు పట్టుకోవడానికి ఒక కడ్డీ ఉంటే నాకు చాలన్నాను. అది మాత్రం తన పనేనని మా ఆయన అప్పటికప్పుడే టేపు తీసి కొలతలు మొదలుపెట్టాడు.

ఆ సాయంత్రం నేను టవలుతో వచ్చేసరికి ఆయన నన్ను ఆపి, బనీను లుంగీతోనే తొట్టిలోకి దిగి కూర్చున్నాడు. ముందు టెస్టు చెయ్యాలట. కంపెనీ ఆయన చేసి చూపించి పోయాడు కదా అంటే, వాడేమైనా తన భార్యను కూర్చోబెట్టి చూపించాడా అని మా ఆయన ఎదురడిగాడు. నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను. పావుగంట అయింది, అరగంట అయింది. ఆయన కళ్లు మూసుకున్నాడే తప్ప లేచే జాడ లేదు. ఇక ఓపిక నశించి నేనే మెల్లగా దిగాను. నీళ్లు మోకాళ్లను తాకగానే నాకు సగం కోపం పోయింది.

"నావి గూడ నొస్తున్నయి," అన్నాడు ఆయన కళ్లు తెరవకుండానే. "ఏడాది సంది."

ఆ మోకాళ్లతోనే నాలుగు రోజులు గొంతుక్కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆ మాట ముందే చెప్పి ఉంటే మొదటి రోజే కంపెనీకి ఫోన్ చేయించేదాన్ని కదా అని తిట్టాను.

"గందుకే చెప్పలే," అన్నాడు.