పైఊరిలో పన్నెండు గిన్నెలు

పదకొండేళ్లుగా మనుషులకు కొండలు చూపిస్తున్నాడని నరేందర్‌ను ఎవరైనా పరిచయం చేస్తే అతను ఒప్పుకోడు. తీసుకుపోవడం వరకే తన పని అని, చూడటం ఎవరికి వారు చేసుకోవలసిందేనని అంటాడు. కొత్తగూడ ఫ్లైఓవర్ పక్కన, ఒక కళ్లద్దాల దుకాణం పై అంతస్తులో ఉన్న ట్రావెల్స్ ఆఫీసులో అతను టూర్ మేనేజరు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఐటీ కంపెనీల బృందాలను లదాఖ్ తీసుకువెళ్తాడు. నలభై ఏడేళ్లవాడు. ఎక్కువ మాట్లాడడు. మాట్లాడినప్పుడు ఎదుటివాళ్లకు అది నచ్చకపోవడమే ఎక్కువ.

ఆరు రోజుల ఆ యాత్రలో నాలుగో రోజు మాత్రం పూర్తిగా అతను సొంతంగా కూర్చినది. ఉదయం లేహ్‌లో బయలుదేరితే మూడు గంటల ప్రయాణంలో చెట్టన్నది లేని కొండల మధ్యకు చేరుతారు. ఒక కొండ తుప్పు పట్టిన ఇనుము రంగులో ఉంటుంది, దాని వెనుకది చిలుము పట్టిన రాగి రంగులో. ఇంకా వెనుక ఊదా, గంధం, బూడిద. ఆ రంగులు ఎవరినీ మెప్పించడానికి అక్కడ లేవు. అందుకేనేమో వాటి ముందు మనిషికి కొంత అసౌకర్యంగా ఉంటుంది, వెంటనే ఫోను తీస్తాడు. అక్కడి నుంచి బార్లీ పొలాల మధ్యగా ఒక మట్టిదారి పద్నాలుగు ఇళ్ల ఊరికి ఎక్కుతుంది. ఆ ఊరి పేరు తన నోటికి సరిగ్గా పలకదని నరేందర్ దాన్ని పైఊరు అంటాడు.

పైఊరిలో ఒక పెద్దావిడ ఉంది. అందరూ ఆమాలే అంటారు, అంటే అమ్మగారు అని. వచ్చినవాళ్లను తన వంటింట్లో, పొయ్యి చుట్టూ పరిచిన తివాచీల మీద కూర్చోబెట్టి అన్నం పెడుతుంది. అది హోటలు కాదు. అతిథి వంటింటి దాకా వచ్చి తిన్న తరువాతే ఊళ్లో తిరగడానికి అర్హుడన్నది అక్కడి లెక్క.

తెలుగువాళ్ల యాత్రలకు మరో లెక్క ఉంది. వంటవాడు, కుక్కర్లు, బియ్యం బస్తా, ఆవకాయ జాడీ బృందంతో పాటే ప్రయాణం చేస్తాయి. మూడు పూటలా తెలుగు భోజనం అని ముందే చెప్పకపోతే సీట్లు నిండవు. నిరుడు రెండు బృందాలు పైఊరికి పులిహోర పొట్లాలతో వెళ్లి, ఆమాలే వాకిట్లోనే కూర్చొని తిని, ఫోటోలు దిగి వచ్చేశాయి. తెల్లవారుజామునుంచి వండినది పొయ్యి మీదే ఉండిపోయింది. మూడో బృందం ఆలస్యమై అసలు ఊళ్లోకే వెళ్లలేదు. శీతాకాలంలో ఊరి పెద్దలు కూర్చొని మాట్లాడుకున్నారు. పొలాల మధ్య దారి ఇచ్చింది అతిథుల కోసం. అతిథులే లేనప్పుడు దారి ఎందుకన్నారు. ఆమాలే వాళ్లను ఒప్పించి మే నెలలో నరేందర్‌కు ఫోన్ చేసింది. ఇంకొక్క బృందం. వాళ్లు పొయ్యి దగ్గర కూర్చొని తింటే దారి ఉంటుంది, లేకపోతే రాళ్లు పెట్టేస్తారు. నరేందర్ మాట ఇచ్చాడు.

ఆ మాటను కాపాడుకోవడానికి అతను చేయగలిగినదంతా చేశాడు. ప్రయాణానికి వారం ముందు కొండాపూర్‌లో ఆ బృందం పనిచేసే కంపెనీ ఆఫీసుకు వెళ్లి, గాజు గదిలో పన్నెండుమందినీ కూర్చోబెట్టి విషయం చెప్పాడు. బృందానికి పెద్ద భార్గవి, కడప ఆడపడుచు, పదిహేనేళ్లుగా ఈ నగరంలో పనిచేస్తోంది.

"నాలుగో రోజు మన డబ్బాలు బండి ఎక్కవు మేడం. పన్నెండింటికి ఆ అమ్మ ఇంట్ల కూసోవాలె, ఆమె పెట్టింది తినాలె. గంతే నేనడిగేది."

"నాన్‌వెజ్ కలిపేస్తారేమో, కనుక్కున్నారా?" అంది భార్గవి.

"కలపరు. మీకోసం కూరగాయలతోనే చేస్తున్నరు. ఒక్కరిల్లు కాదు, ఆరిళ్లవాళ్లు వంతులేసుకున్నరు."

యశ్వంత్ అనే కుర్రాడు చెయ్యెత్తాడు. వాడి పని సర్వర్లు చూసుకోవడం, టికెట్లనే ఫిర్యాదులు తీర్చడం. మిగతా సమయం నవ్వించడం. "అన్నా, ఉప్పు తక్కువైతే టికెట్ ఎవరి మీద రెయిజ్ చెయ్యాలె?"

అందరూ నవ్వారు. భార్గవి ల్యాప్‌టాప్‌లో ఆ విషయాన్ని ఒక వరుసలో రాసుకుంది, ఎదురుగా తన పేరు పెట్టుకుంది. రాసుకున్నది జరుగుతుందని ఆ గదుల్లో ఒక నమ్మకం ఉంటుంది. మాట ఇవ్వడానికీ పని నమోదు చేసుకోవడానికీ మధ్యనున్న తేడా అక్కడ ఎవరికీ ఎప్పుడూ ఎదురుపడి ఉండదు.

నాలుగో రోజు ఆరున్నరకు బయలుదేరవలసిన టెంపో ఎనిమిదింటికి కదిలింది. నరేందర్ ముందు సీట్లో, డ్రైవర్ నామ్‌గ్యాల్ పక్కన కూర్చున్నాడు. వెనుక సీట్లో వంటవాడు అబ్రహాం ఉన్నాడు. తెనాలి దగ్గరివాడు, మూడేళ్లుగా ఈ యాత్రకు వస్తున్నా నాలుగో రోజు ఎప్పుడూ లేహ్‌లోనే గిన్నెలు కడుగుతూ ఉండిపోయాడు. ఈసారి డబ్బాలు లేవు కాబట్టి తానూ వస్తానండి అన్నాడు. నరేందర్ కాదనలేదు.

పదకొండు గంటలకు కొండలు మొదలయ్యాయి. బండి ఆగకుండా పోతే పన్నెండున్నరకు పైఊరు. అప్పుడే భార్గవి ఫోను మోగింది.

హైదరాబాద్ వదిలే ముందు రాత్రి వాళ్లు తమ ప్రోగ్రాంలో ఒక మార్పు విడుదల చేసి వచ్చారు. యాత్రకు ముందే చేసేస్తే మనసు తేలికపడుతుందనుకున్నారు. ఇప్పుడు అది ఎక్కడో ఎవరి పనినో ఆపేసింది.

"నరేందర్ గారూ, బండి ఇక్కడే పక్కకు పెట్టించండి. ఇక్కడ సిగ్నల్ ఉంది. పది నిమిషాలంతే."

"ఊరికాడ గూడ జర సిగ్నల్ ఉంటది మేడం."

"ఉంటుందని ఖాయంగా చెప్పగలరా?"

నరేందర్ నామ్‌గ్యాల్‌కు చెయ్యి చూపించాడు. బండి ఆగింది. ల్యాప్‌టాప్‌లు తెరుచుకున్నాయి. నలుగురికి పని, మిగిలిన ఎనిమిదిమంది వాళ్ల భుజాల మీదుగా చూస్తూ నిలబడ్డారు. ఎదుట భూమి తన లోపలి పొరలన్నిటినీ బయటపెట్టి ఉంది. ఒక్కరూ అటు తిరగలేదు.

నరేందర్ గంటకొకసారి కాదు, పది నిమిషాలకొకసారి వెళ్లి అడిగాడు. పన్నెండున్నరకు ఆమాలేకు ఫోన్ చేశాడు. కలవలేదు.

"మేడం, పనున్న నలుగురు ఈడనే ఉండుండ్రి. ఎనిమిదిమందిని నేను పైకి తోలుకపోయి మళ్ల బండి పంపిస్త."

"టీం అంతా ఒకచోట ఉండాలండీ. ఏ నిమిషంలో ఎవరితో పనిబడుతుందో తెలీదు." తెర మీద నుంచి కళ్లు తీయకుండానే అంది. "నాకు మాత్రం ఇష్టమా, చెప్పండి? వీళ్లందరి పేర్లూ నా పేరు కిందనే ఉన్నాయి."

ఆమె అబద్ధం చెప్పడం లేదు. నరేందర్‌కు కోపం నిలబడటానికి చోటు దొరకనిది అందుకే. తప్పు చేస్తున్నవాళ్లు ఎవరో తేలితే సగం బాధ పోతుంది.

"ఎన్ని రంగులున్నయన్నా ఈడ," అన్నాడు యశ్వంత్ దగ్గరికి వచ్చి. "మాకే స్క్రీన్ మీద ఎర్రర్ చూపే ఎర్రదొక్కటే కనిపిస్తుంది."

నరేందర్ నవ్వలేదు. కాస్త దూరం నడిచి, ఒక రాయి మీద కూర్చున్నాడు.

అతను పుట్టింది నార్సింగిలో. ఇప్పుడు ముప్పై అంతస్తుల భవనాలు లేచిన చోట వాళ్ల నాన్న జొన్న వేసేవాడు. భూములు చూడటానికి కార్లలో మనుషులు రావడం మొదలైనప్పుడు వాళ్లమ్మ ప్రతివాళ్లకూ చెంబుతో మంచినీళ్లు తెచ్చేది. వాళ్లు మర్యాదగా నవ్వి, తమ సీసాలు చూపించేవారు. ఆమె చెంబు పట్టుకొని కొంతసేపు అలాగే నిలబడేది. ఎవరూ ఆమెను అవమానించలేదు. పొలం ఎప్పుడు పోయిందో నరేందర్‌కు తారీఖు గుర్తులేదు కానీ, ఆమె అలా నిలబడిన తీరు మాత్రం గుర్తుంది.

రెండు గంటలకు చింతపండు, ఇంగువ వాసన వచ్చింది. తిరిగి చూశాడు. బండి వెనుక తలుపు తెరిచి ఉంది. అబ్రహాం దుప్పటి కింద నుంచి రెండు పెద్ద స్టీలు డబ్బాలు తీసి, కాగితం పళ్లేలలో పులిహోర, పెరుగన్నం పెడుతున్నాడు. పన్నెండుమంది చేతుల్లోనూ పళ్లేలున్నాయి. భార్గవి ఒక చేత్తో టైపు చేస్తూ ఇంకో చేత్తో తింటోంది.

నరేందర్ పరుగెత్తబోయాడు. ఆ ఎత్తులో పరుగు పది అడుగులకే ఆగిపోతుంది. ఆయాసంతో బండి పట్టుకొని నిలబడ్డాడు.

"డబ్బాలు ఒద్దన్న గదనే అబ్రహామన్నా."

"అన్నారండి. వండకుండా ఉందామనే అనుకున్నానండి. తెల్లారుజామున మెలకువొచ్చేసింది. దారిలో ఏదన్నా అయితే పిల్లలు పస్తుంటారేమోనని..." అతను గరిటె కిందికి దించలేదు. "వీళ్లలో ఒకమ్మాయికి కళ్లు తిరుగుతున్నాయన్నారండి. చూస్తూ ఎలా ఊరుకుంటానండి?"

"రెండు బిస్కెట్లిస్తే అయిపోతుండె."

"బిస్కెట్లు ఆకలి తీరుస్తాయాండి?"

ఒక వంటవాడిని ఆ ప్రశ్న అడిగినందుకు తిట్టడం నరేందర్‌కు చేతకాలేదు. "మీరు చెప్పింది మర్చిపోలేదు," అంది భార్గవి నొచ్చుకుంటూ. "పైన కూడా కొంచెం రుచి చూస్తాం లెండి, అందరం."

రుచి చూడటం. నరేందర్ మాట ఇచ్చింది దానికి కాదు.

పని మూడింటికి చక్కబడింది. పైఊరు చేరేసరికి నాలుగున్నర కావస్తోంది. ఆమాలే గుమ్మంలోనే ఉంది. వంటింట్లో పొయ్యి చుట్టూ తివాచీలు పరిచి ఉన్నాయి. ఒక్కొక్క దాని ముందు చిన్న బల్ల, బల్ల మీద చెక్క గిన్నె. పన్నెండు. పెద్ద పాత్రలో స్క్యూ ఉడికి చిక్కబడి ఉంది. గోధుమపిండి ముద్దలను బొటనవేలితో నొక్కి మన గవ్వల్లా చేసి, ముల్లంగితో, బఠానీలతో ఉడికించే వంటకం అది. గోడవారగా ఆరిళ్ల ఆడవాళ్లు నిలబడి ఉన్నారు.

బృందం బూట్లు విప్పి లోపలికి వచ్చింది. కొందరు కూర్చున్నారు. భార్గవి రెండు చేతులూ జోడించి, గిన్నెలో గరిటెడు వేయగానే చాలన్నట్టు చెయ్యి అడ్డంపెట్టింది. పక్కనున్నవాళ్లు సగం గరిటె చాలన్నారు. యశ్వంత్ రెండు గవ్వలు తిని ఆగిపోయాడు. ఒకమ్మాయి గిన్నె ముట్టుకోకుండా ఫోటో తీసింది.

ఆమాలే గరిటె పాత్రలో పెట్టేసి నరేందర్ వైపు తిరిగింది. వచ్చీరాని హిందీలో, తొందరపడకుండా నాలుగు మాటలు చెప్పింది.

"ఏమంటున్నారు?" అంది భార్గవి.

పదకొండేళ్లుగా ఈ ప్రశ్నకు నరేందర్ దగ్గర ఒక పద్ధతి ఉంది. ఇటు మాటను కొంచెం మెత్తన చేసి అటు, అటు మాటను మెత్తన చేసి ఇటు చేర్చేవాడు. ఈ వృత్తిలో అది నేర్పు అనిపించుకుంటుంది. నిరుడు పులిహోర పొట్లాల వాళ్లను ఆమె అన్నదాన్ని, మళ్లీ రమ్మంటోందని వాళ్లకు మార్చి చెప్పి కిందికి తీసుకొచ్చాడు. ఆ మెత్తదనమే ఇవాళ్టి దాకా తెచ్చిందేమోనని ఇప్పుడు మొదటిసారి అనిపించింది.

"తిన్నోళ్లను తీసుకొచ్చినవు అంటున్నది," అన్నాడు. "కడుపు నిండినోళ్లకు మా ఇంట్ల పనేముంది, ఇగ బండి తేవద్దు అంటున్నది."

ఫోటో తీసిన అమ్మాయి ఫోను దించింది.

"మేము కావాలని చేయలేదని చెప్పండి," అంది భార్గవి. "మేము పంపిస్తాం ఏదన్నా, ఊరికి ఏం కావాలో అడగండి. స్కూలు ఉంటే స్కూలుకు..."

నరేందర్ అది కూడా ఉన్నదున్నట్టు హిందీలో చెప్పాడు. ఆమాలే తల అడ్డంగా ఊపింది. భార్గవి తన గిన్నె మళ్లీ దగ్గరికి తీసుకొని, కళ్లు దించుకొని తినడానికి ప్రయత్నించింది. నాలుగో ముద్దకు ఆగిపోయి, లేచి బయటకు వెళ్లింది. మిగతావాళ్లూ వెళ్లారు.

అబ్రహాం ఇంకా గడప దగ్గరే ఉన్నాడు. అందరూ తిన్న తరువాత తినడం వంటవాళ్ల అలవాటు కనుక అతను పొద్దుటినుంచి ఏమీ తినలేదు. లోపలికి వచ్చి, చివరి బల్ల ముందు కూర్చొని, గిన్నె ముందుకు జరిపాడు. ఆమాలే ఒక్క క్షణం చూసి, నిండుగా వడ్డించింది. అతను తిన్నాడు, రెండోసారి అడిగాడు. నరేందర్ కూడా కూర్చున్నాడు. నామ్‌గ్యాల్‌ను పిలిచాడు. ముగ్గురు తిన్నంత మాత్రాన పన్నెండు గిన్నెల లోటు తీరదు, తీరిందని ఎవరూ అనుకోలేదు. మూడోసారి వడ్డిస్తూ ఆమాలే అబ్రహాంను ఏదో అడిగింది.

"దీంట్ల ఏం తక్కువైందని అడుగుతున్నది," అన్నాడు నరేందర్.

"ఏమీ తక్కువ కాలేదని చెప్పండి," అన్నాడు అబ్రహాం, తల ఎత్తకుండా.

బండి కిందికి దిగుతూ పొలాల చివర మలుపు దాటగానే నరేందర్ ఆపమన్నాడు. వెనుక దారిలో ముగ్గురు మనుషులు గోడ దగ్గరి పెద్ద రాళ్లను దొర్లించుకొస్తున్నారు. మాట ప్రకారమే. మరునాటిదాకా ఆగవలసిన పని కాదని అనుకున్నట్టుంది.

"అన్నా, ఏమైంది?" యశ్వంత్ అడిగాడు. ఈసారి నవ్వించే గొంతు కాదు.

"మీరు కూసోండ్రి."

నరేందర్ దిగి వెనక్కి నడిచాడు. నామ్‌గ్యాల్ ఇంజను ఆపి అతని వెంట వచ్చాడు. రాళ్లు తోస్తున్న ముసలాయన వాళ్లను చూసి ఆగాడు. ఇచ్చిన మాట నిలబెట్టలేకపోయిన నరేందర్ ఆ మాటలో రెండో సగం, దారి మూసేయడం, నిజం కావడానికైనా చెయ్యి వేయాలనుకున్నాడు కాబోలు. ఒక రాయిని పట్టుకొని ఎత్తాడు. ఊపిరి అందలేదు. దించి, మళ్లీ ఎత్తి, దారి మధ్యకు తెచ్చి పెట్టాడు.

ముసలాయన వచ్చి కాలితో దాన్ని కదిపి చూశాడు. రాయి ఊగింది. అలా కాదని, వెడల్పు వైపు కిందికి రావాలని చేత్తో చూపించాడు. నరేందర్ వంగి, రాయిని తిప్పి, కింద మట్టి సర్ది మళ్లీ పెట్టాడు.