ఆకు తప్పా, తంబాకు తప్పా

కార్ఖానాలో బీడీలు చూసే మనిషి మంచివి ఒకవైపు, పనికిరానివి ఒకవైపు వేస్తాడు. పనికిరాని బీడీ ఎందుకు చెడిందో, రోజూ బీడీలు చుట్టే నేను ఇట్టే చెప్పేస్తాను: ఆకు ఎండిందనో, తంబాకు తక్కువైందనో. ఆ అలవాటుతోనే నా బిడ్డనూ చూశాను, నా బుద్ధి కాల!

దానికి ఐదేళ్లు. పిలిస్తే చూడదు. బీడీల చేట పక్కన కూర్చుని తునికాకు ముక్కలు వరసగా పేరుస్తుంది. ఒక్కటి కదిలితే బోధన్ అంతా వినబడేలా ఏడుస్తుంది. అది కడుపులో ఉన్నప్పుడు నాకు బతకాలనిపించేది కాదు. నిజామాబాద్‌లో డాక్టరమ్మ మనసు కుదుటపడే గోళీలు రాస్తే, కాన్పు దాకా వేసుకున్నాను.

ఇప్పుడు మళ్లీ కడుపుతో ఉన్నాను, మూడో నెల. మనసు మళ్లీ అలాగే అయిపోతోంది. డాక్టరమ్మ అవే గోళీలు రాసింది. పెద్దదానికి వీటివల్లే అట్లయిందా అని అడిగాను.

"వీటివల్లే అని చెప్పలేనమ్మా, అస్సలు కాదనీ చెప్పలేను. నీ మనసు బాగలేకపోయినా కడుపుల బిడ్డకు మంచిది కాదు. నన్ను అడగకుండ మాత్రం మానకు."

ఇదేం జవాబు? తిరిగొచ్చేటప్పుడు చెరుకు ట్రాక్టర్ల వెనక బస్సు నత్తలా పాకుతుంటే, ఆ మాటను ఎన్నిసార్లు తిప్పి చూసినా ఏమీ తేలలేదు.

వారం రోజులు గోళీ ముట్టలేదు. గోళీల అట్టను తంబాకు డబ్బాలో దాచాను. అత్తమ్మ చేతికి దొరికింది.

"గిదేందే?"

"పెద్దదాన్ని నేనే ఖరాబ్ చేసిన అత్తమ్మా!" అని ఏడ్చాను. అంతా చెప్పేశాను.

ఆమె చేట పక్కన పెట్టింది. "నీ మొగడు గూడ గంతే ఉండె. ఐదేండ్ల దాంక మాట్లాడలే. చెప్పులు వరసగ పెడుతుండె, ఎవలన్న తీస్తే వాడకట్టంత లేస్తుండె. ఇప్పుడు సూడు, దుకాణంల నోరు మూయమన్నా మూయడు. మరి నేనేం గోళీ మింగిన్నే?"

అయితే రక్తంలోనే ఉందా? లేక కడుపుతో ఉన్నప్పుడు బీడీలు చుడుతూ ఆమె పీల్చిన తంబాకు దుమ్మా? సిగ్గు లేకుండా మళ్లీ కారణమే వెతుకుతున్నాను.

"అయితే దేనివల్ల అత్తమ్మా?"

"బీడీ సంగతి అడుగు, చెప్త. మనిషి సంగతి నాకేం ఎర్క? ముందుగాల డాక్టరమ్మకు ఫోన్ చెయ్."

ఫోన్ చేశాను. తిట్టి, మళ్లీ మొదలుపెట్టమంది. మింగాను. భయం పోలేదు.

బిడ్డ పక్కన కూర్చుని, పనికిరాదని తీసేసిన ఓ ఆకు ముక్క అందించాను. నా వైపు చూడలేదు గానీ, తీసుకుని వరసలో పెట్టింది.