పసుపు పొట్లానికి పేరుబలం

మైదుకూరులో మా మామ పసుపు వ్యాపారి. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికే హైదరాబాదులో స్పానిష్ చదివి పట్టా పుచ్చుకున్నాను. ఆ పట్టా బీరువాలో పెళ్లి ఆల్బం కింద పడి ఉండేది.

కొన్నాళ్లకు స్పెయిన్ నుంచి పసుపు పొడికి బేరం తగిలింది. మా పొట్లం మీద ఇంగ్లీషులో ‘గ్రౌండ్’ అని ఉంటుంది. ఇంగ్లీషువాడికి నూరిన పొడీ గ్రౌండే, కాళ్లకింద నేలా గ్రౌండే. స్పానిష్‌లో దేని మాట దానిదే. పొడికి మోలీదా, నేలకు స్వెలో. “మోలీదా అని వేయించండి మామా” అన్నాను. అక్కడితో అయిపోవలసిన పని.

మా ఇంట్లో ఏదీ ఒక్కరి మాటతో తెమలదు, అందులోనూ కోడలి మాటతో. మా మరిది ఫోనును అడిగితే అది స్వెలో అంది. ఇంకేం, రెండు మాటలకూ పెళ్లిచూపులు మొదలయ్యాయి. మా అత్త రెండూ పలికి చూసి, మోలీదా నోరు తిరగడం లేదంది. చివరికి సిద్ధాంతిని పిలిపించారు. స్పానిష్ అంటే ఊరో, తిండో ఆయనకు తెలియదు. ఇంగ్లీషు అక్షరాలకు అంకెలు వేసి కూడి, వేళ్లు మడిచి, “స్వెలోకు ఆరొచ్చింది, లక్ష్మీకళ. రెండోదానికి నిలకడ లేదు” అని తేల్చాడు.

“అది నేల మామా, నేల!” అని మొత్తుకున్నాను.

“భూదేవే కదమ్మా, శానా మంచిది. నువ్వు గమ్మునుండు” అన్నాడు మామ.

నాకు ఒళ్లు మండిపోయింది. నా చదువు ఆ సిద్ధాంతి వేలి కణుపుపాటి చేయలేదు.

సరుకు చేరింది. ఇది వంటకా, నేల తుడవడానికా అని అడుగుతూ స్పెయిన్ వ్యాపారి వీడియో కాల్ చేశాడు. అప్పుడు గుర్తొచ్చాను. మామ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, “తప్పు నీదేనని చెప్పమ్మా. ఆడపిల్లంటే ఏమీ అనరు” అన్నాడు.

చెప్పాను. పెళ్లిచూపులూ, సిద్ధాంతీ, భూదేవీ, ఒక్కటీ వదలకుండా స్పానిష్‌లో చెప్పాను. నా ప్రతి మాటకూ మామ తలూపుతూ దండం పెడుతూనే ఉన్నాడు. అవతలాయన కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వి, పైన వేరే చీటీలు అతికించుకుంటాలే అన్నాడు. అంతే అన్నాడు.

“ఏమంటాండాడమ్మా?” అని అడిగాడు మామ.

“ఇంక మీదట పొట్లం మీద ఏ మాట ఉండాలన్నా కోడలే చెప్పాలంట మామా. లేకుంటే సరుకు వెనక్కంట.”

మామ ఫోనుకు మళ్లీ దండం పెట్టి, “అట్లే కానీప్పా” అన్నాడు. ఆ ఒక్క మాటను మాత్రం ఉన్నదున్నట్టు అనువదించాను.