గౌరి మెచ్చిన తోరణం

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. తోరణం కట్టి చూడు అనడం మాత్రం మరిచిపోయారు. ఆ ఒక్క ముక్క కూడా కలిపి ఉంటే మా బావమరిది గృహప్రవేశం గురించి రేపల్లెలో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకునే పరిస్థితి వచ్చేది కాదు, నా నుదుటి మీద వేలెడు మందాన పసుపు పడేదీ కాదు. పసుపు సంగతి చివర్లో చెబుతాను. ముందే చెబితే మీరు నన్ను గౌరవించడం మానేస్తారు.

పన్నెండేళ్ళ కిందటి మాట. నాకు తెనాలిలో చిన్న స్టేషనరీ కొట్టుంది. గమ్ము సీసాలు, కత్తెరలు, రంగు కాగితాలు చేతికందేంత దూరంలో పెట్టుకుని పొద్దస్తమానం కూర్చునే మనిషి కళాకారుడు కాకుండా ఎలా ఉంటాడు చెప్పండి? కొబ్బరి చిప్పతో దీపం చేశాను. వెలిగించిన మొదటి సాయంత్రమే దీపమూ వెలిగింది, చిప్పా వెలిగింది. సూర్యలంక ఒడ్డున ఏరుకొచ్చిన శంఖాలతో బాపట్లలో ఉన్న మా అక్కయ్య గుమ్మానికి తెర కట్టిచ్చాను. ఆ శంఖాల్లో సగానికి పైగా పీతలు కాపురముంటున్నాయని నాకేం తెలుసు? తెల్లారేసరికి తెర దారాలతో సహా నడుచుకుంటూ వెళ్ళి పక్కింటి గుమ్మానికి వేలాడుతోంది. ఇందులో ఒక్క అక్షరం అబద్ధమైనా... సరే, రెండు మూడు అక్షరాలు అయ్యుండొచ్చు.

ఇన్ని జరిగినా నాకు నా చేతుల మీద నమ్మకం చెక్కుచెదరలేదు. లేనిదల్లా మా మామగారికే. ఆయనది సంగం జాగర్లమూడిలో వ్యవసాయం. మాట తక్కువ, చురక ఎక్కువ. "అల్లుడుగారూ, ఇంట్లో ఏ వస్తువైనా మీరు పట్టుకుంటే మనిషికి కాదండి, వస్తువుకి దిష్టి తియ్యాలి" అనేవారు. ఎనిమిదేళ్ళ అల్లుడరికంలో నేను చేసిన ఒక్క వస్తువు గురించీ ఆయన నోట 'బాగుంది' అన్న మాట రాలేదు. ఆ మాట ఎలాగైనా అనిపించాలన్నది నా జీవితాశయం.

అవకాశం దానంతటదే వచ్చింది. మా బావమరిది శ్రీను రేపల్లెలో ఇల్లు కట్టాడు. కార్తీక మాసం చివర్లో గృహప్రవేశం. అప్పుడే వరి కోతలు మొదలయ్యాయి.

"ఏం ఇద్దామండీ తమ్ముడికి?" అంది మా ఆవిడ విజయ.

"ఈ చేతులతో చేసింది ఇద్దాం."

ఆవిడ నా చేతుల వంక చూసింది. డాక్టరు ఎక్స్‌రే వంక చూసినట్టు చూసింది. "గోడ గడియారం కొందామండీ" అంది నెమ్మదిగా.

గడియారం ఎవరైనా కొంటారు. నేను అనుకున్నది ధాన్యపు కుచ్చుల తోరణం. వరి కంకుల్ని కాడలతో కోసి, కాడలు జడలా అల్లి, కంకులు కిందికి జలతారులా వేలాడేట్టు కట్టి, పిచ్చుకలు తినడానికి వసారాలో వేలాడదీస్తారే, అవి. అలాంటివి పదకొండు కుచ్చులు వరసగా కట్టి సింహద్వారానికి వేస్తే? మామగారి పొలంలో పండిన వరి, ఆయన కొడుకు గుమ్మానికి బంగారు తోరణం! 'బాగుంది' అనక ఛస్తారా?

పొలానికి వెళ్ళి నాలుగు కట్టలు కోసుకొచ్చాను. మామగారు గట్టు మీద నిలబడి చూస్తూ, "కొడవలి జాగ్రత్త అల్లుడుగారూ, తెగిన వేళ్ళకి గింజ పట్టదు" అన్నారు. అంతే.

ఆ ఆరు రోజులూ ఎంత హాయిగా గడిచాయో చెప్పలేను. కొట్టు మూసి రావడం, హాల్లో చాప మీద బాసీపట్టు వేసుక్కూర్చోవడం, తడిపిన కాడల్ని మూడు పాయలుగా తీసి అల్లడం. ఇల్లంతా పచ్చి గడ్డి వాసన. మొదటి కుచ్చు చీపురులా వచ్చింది. రెండోది పెళ్ళివారు వాడి పారేసిన చీపురులా వచ్చింది. మూడోది కుదిరింది! దాన్ని ఎత్తి పట్టుకుని ట్యూబులైటు వెలుగులో నేనే చూసుకుని నేనే మురిసిపోయాను. మనిషి తన చేత్తో ఒక ముడి సరిగ్గా వేస్తే ఇంత సంతోషం ఎక్కడి నుంచి వస్తుందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. విజయ కూడా వంట ఆపి వచ్చి నా పక్కన కూర్చుని రెండు జడలు అల్లింది. అవే బాగా వచ్చాయి. అవి నేనే అల్లానని అందరికీ చెప్పాను.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథ ఉండేది కాదు. కుచ్చులు ఆరాక గింజలు రాలడం మొదలుపెట్టాయి. కొట్టులో ఉన్న గమ్ము రాస్తే తెల్ల మచ్చలు పడ్డాయి. అప్పుడు నా బుర్రలో ఆ పాడు మెరుపు మెరిసింది. నూలు చీరలకి గంజి పెట్టరూ? అన్నం గంజి చిక్కగా వార్చి కంకులన్నిటికీ పట్టించాను. నిగనిగ వచ్చింది గానీ పట్టు చాలలేదు. పూర్వం కోటగోడల సున్నంలో బెల్లం కలిపేవారని ఎక్కడో విన్నాను. కోట నిలబడగా లేనిది కుచ్చు నిలబడదా? బెల్లం పాకం కలిపి ఇంకో పూత వేశాను.

గంజి, బెల్లం, వరి కంకులు. పాడి ఉన్న ఇంట పుట్టినవారెవరైనా ఈపాటికి తల పట్టుకుని ఉంటారు. నాది పాకెట్ పాల ఇల్లు.

"ఏవండీ, చీమలు పడుతున్నాయండీ!" అంది విజయ.

"చీమలకి ఉన్న కళాభిరుచి మీ నాన్నకి లేదు" అని, తోరణాన్ని స్టూలు మీద పెట్టి స్టూలు కాళ్ళ కింద నీళ్ళ పళ్ళేలు పెట్టాను.

ముహూర్తానికి ముందు రోజు తోరణాన్ని పాత పంచెలో చుట్టి, విజయతో కలిసి రేపల్లె బస్సెక్కాను. ఆవిడ ముందు సీట్లో కూర్చుంది, నేను వెనక సీట్లో మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పక్క సీట్లో ఖాళీ చేపల బుట్టతో ఒక పెద్దావిడ కూర్చుంది.

"ఏంటి తమ్ముడూ ఆ మూట? కొత్త పెళ్ళికూతుర్ని పట్టుకున్నట్టు పట్టుకున్నావ్?"

"తోరణం అక్కా. నేనే చేశాను."

పంచె అంచు ఎత్తి చూసి, వాసన చూసి, "తినేదా?" అంది.

"కాదక్కా, చూసేది."

"అట్టనా!" అని ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

రేపల్లెలో దిగి నడుస్తుంటే ఒక మేక నా వెంటపడింది. రెండు వీధులు దాటినా వదల్లేదు. "చూశావా, మూగజీవానికి కూడా తెలుస్తోంది" అన్నాను విజయతో. మేకకి తెలిసింది. తెలియనిది నాకే.

మర్నాడు పొద్దున ఆరున్నరకల్లా కొత్త ఇంటి ముందు బంధువులంతా చేరారు. మా అత్తగారు మామిడాకులు తెప్పించి పెట్టారు. నేను వాటిని సున్నితంగా పక్కకి నెట్టి, "మామిడాకులు ఊరంతా కడతారండీ" అని పంచె విప్పాను. జనం "అబ్బ!" అన్నారు. నిజంగా అన్నారు. ఉదయపు ఎండ పడి పదకొండు కుచ్చులూ మెరిసిపోతున్నాయి. మామగారు దగ్గరికి వచ్చి ఒక కంకిని వేళ్ళతో తడిమారు. పెదవులు కదిలాయి. 'బా...' వరకూ వచ్చిందని నేను ఒట్టేసి చెప్పగలను. అంతలో వేలు చూసుకుని, "జిగురుగా ఉందేంటండి?" అన్నారు.

"అది మా కొట్టు రహస్యం మామయ్యగారూ."

"కాస్త పైకి కట్టండి. తలకి తగులుద్ది."

"పైకి కడితే ఫొటోలో రాదండీ" అని సరిగ్గా మనిషి భుజం ఎత్తుకి దించి కట్టాను. మనిషి భుజం ఎత్తంటే ఇంకెవరి నోటి ఎత్తో నేను ఆలోచించలేదు.

మా వైపు కొత్త ఇంట్లోకి ముందుగా ఆవు అడుగు పెట్టాలి. దాని వెనకే ఇంటివాళ్ళు. ఆ ముహూర్తం ఏడూ పదికి దాటిపోతుంది, మర్నాటి నుంచి మూఢం, మళ్ళీ మాఘం దాకా మంచి రోజు లేదు. శ్రీను అద్దె ఇల్లు ఖాళీ చేసేసి తాళాలు ఇచ్చేశాడు. సామానంతా లారీలో వీధి చివర నిలబడి ఉంది. అంటే ఆవు గడప దాటకపోతే కుటుంబం మాఘం దాకా లారీలో కాపురం పెట్టాలి.

ఆవు పేరు గౌరి. సాంబయ్య అనే ఆయన తోలుకొచ్చాడు. ఊళ్ళో జరిగే గృహప్రవేశాలకి చాలావరకు అదే వెళుతుందట. ఎన్ని ఇళ్ళు చూసిందంటే, అడిగితే వాస్తు చెప్పగలదు. నెమ్మదిగా, హుందాగా, పెద్ద ఆఫీసరు తనిఖీకి వచ్చినట్టు నడిచొచ్చింది. గడప ముందు ఆగింది. తలెత్తింది. ముక్కు రంధ్రాలు పెద్దవి చేసింది.

తరవాత మొదటి కుచ్చు లేదు.

"గౌరీ! పదమ్మా, లోపలికి పద!" సాంబయ్య తాడు లాగాడు. గౌరి రెండో కుచ్చు అందుకుంది. కరకరా నమిలిన శబ్దానికి సన్నాయివాళ్ళు ఆగిపోయారు.

"ఎప్పుడూ ఇట్టా చెయ్యదండి! బంగారం లాంటి ఆవండి!" సాంబయ్య చెమటలు తుడుచుకున్నాడు.

"ఇంకా ఆరు నిమిషాలే ఉందండి" అన్నారు పంతులుగారు.

శ్రీను పాలగిన్నె పట్టుకుని లారీ వంక చూస్తున్నాడు. వాడి భార్య దేవుడి పటం పట్టుకుని నా వంక చూస్తోంది. నలుగురు మగవాళ్ళు వెనక నుంచి నెట్టారు. గౌరి కదల్లేదు. మూడో కుచ్చు, నాలుగో కుచ్చు. కంచే చేను మేస్తే ఏం చెయ్యాలో సామెతల్లో ఉంది గానీ, శుభమే తోరణాన్ని మేస్తే ఏం చెయ్యాలో ఎక్కడా లేదు.

మామగారు నెమ్మదిగా నా పక్కకి వచ్చారు. "అల్లుడుగారూ, అడుగుతున్నానని ఏమీ అనుకోకండి. ఆ కుచ్చులకి ఏం రాశారు?"

"గంజి, మామయ్యగారూ."

"ఇంకా?"

"కొంచెం... బెల్లం."

ఆయన కళ్ళు మూసుకున్నారు. "దాన్ని తోరణం అనరండి. కుడితి అంటారు. మనం గోళెంలో పోసి పెడతాం, మీరు గుమ్మానికి కట్టారు."

"నాలుగు నిమిషాలండి!" పంతులుగారి గొంతు కీచుమంది.

"ముందా తోరణం పీకెయ్యండీ!" అని విజయ అరిచింది.

ఆరు రోజుల కష్టం! అయినా లారీ గుర్తొచ్చింది. ఒక్క ఉదుటున మిగిలిన ఏడు కుచ్చులూ తెంపాను. గౌరి నా చేతుల వంక చూసింది. నేను అడుగు కుడికి వేస్తే తల కుడికి తిప్పింది. ఎడమకి వేస్తే ఎడమకి. అప్పుడు నా బుర్రలో రెండో మెరుపు మెరిసింది. ఇది మంచిది.

కుచ్చులు గుండెలకి హత్తుకుని, వెనక్కి నడుస్తూ గడప దాటాను. "రా తల్లీ! రామ్మా గౌరీ!" గౌరి వచ్చింది. వచ్చిందంటే అలా ఇలా కాదు, తెనాలి స్టేషన్లోకి ఎక్స్‌ప్రెస్సు వచ్చినట్టు వచ్చింది. హాలు, వంటిల్లు, పడగ్గది అన్నీ ఇద్దరం కలిసే చూశాం. నేను వెనక్కి, అది ముందుకి. ఆఖరికి హాల్లో నన్ను గోడకి ఆనించి, చేతిలోని ఏడో కుచ్చు కూడా తినేసి, నా చొక్కా జేబుకి అంటిన పాకం నాకి, కొత్త గచ్చు మీద నిండుగా మూత్రం పోసింది.

"శుభం! మహా శుభం!" పంతులుగారు ఎగిరి గంతేశారు. "ఏడూ తొమ్మిదికి లోపలికి వచ్చేసింది!" సన్నాయి మళ్ళీ మోగింది. శ్రీను కళ్ళు తుడుచుకున్నాడు. నేను పందెం గెలిచిన కోడెగిత్తలా ఛాతీ విరిచాను.

అప్పుడు మా అత్తగారు, పుణ్యాత్మురాలు, ఒక చిన్న సందేహం అడిగారు.

"పంతులుగారూ, గోవు కంటే ముందు మనుషులు గడప దాటకూడదంటారు కదండీ? మరి ముందు దాటింది మా అల్లుడుగారు కదా?"

సన్నాయి ఆగిపోయింది. అందరూ నన్ను చూశారు. పంతులుగారు గడ్డం నిమురుకున్నారు. నన్ను ఎగాదిగా చూశారు. ఒంటి నిండా గడ్డి, మీసానికి వరి గింజలు, చొక్కా మీద ఆవు సొంగ.

"ఏం దోషం లేదండి" అన్నారు చివరికి. "గోవుకి ముందు నడిచింది, గడ్డి మోసింది, గోవు వెంటే ఇల్లంతా తిరిగింది. ఆయన్నీ గోవు కిందే జమ కట్టండి. ఆవుకి చేసే పూజ ఆయనకి కూడా చేసేస్తే సరిపోతుంది."

చేశారు. నుదుటిన వేలెడు మందాన పసుపు, దాని మీద కుంకుమ, మెడలో బంతిపూల దండ. శ్రీను దంపతులు నా చుట్టూ మూడుసార్లు ప్రదక్షిణ చేశారు. అత్తగారు నానబెట్టిన బియ్యం, బెల్లం దోసిట్లో పెట్టి నా నోటి దగ్గర పట్టారు. పొద్దున్నుంచీ టిఫిన్ లేదు, తినేశాను. అంతా అయిందనుకుంటుంటే శ్రీను నా వెనక్కి వెళ్ళి వంగి ఏదో వెతుకుతున్నాడు.

"ఏంట్రా?"

"తోకకి కూడా దణ్ణం పెట్టుకోవాలంట బావా" అన్నాడు అమాయకంగా.

ఆ రోజు నేను మామగారిని మొదటిసారి నవ్వగా చూశాను. గోడకి చెయ్యి ఆనించి, పంచె చెంగుతో కళ్ళు ఒత్తుకుంటూ నవ్వారు. నవ్వయ్యాక కింద పడ్డ జడ ముక్క ఒకటి తీసి తిప్పి తిప్పి చూశారు. గింజలన్నీ పోయాయి గానీ అల్లిక చెక్కు చెదరలేదు. "అల్లిక బాగుందండి" అన్నారు. స్టూలు వేయించుకుని దాన్ని తనే సింహద్వారానికి పై కమ్మీ మీద, ఏ ఆవుకీ అందని ఎత్తులో కట్టారు. ఇప్పటికీ అక్కడే ఉంది. అది విజయ అల్లిన జడ. ఆ సంగతి నేనూ చెప్పలేదు, ఆవిడా చెప్పలేదు. చెప్పనందుకు పన్నెండేళ్ళుగా రోజూ నా చేత కాఫీ పెట్టించుకుంటోంది.

మొన్న పొన్నూరు నుంచి మా తోడల్లుడు ఫోను చేశాడు. వాడూ ఇల్లు కట్టాడు.

"అన్నయ్యా, వచ్చే గురువారం గృహప్రవేశమండి. ఇక్కడ ఆవు దొరకట్లేదు. మీరు ఖాళీయేనా?"

అందుకని పాఠకుల సమక్షంలో, గౌరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరి గుమ్మానికీ వరి కంకుల తోరణం కట్టను. కట్టినా గంజి పెట్టను. గంజి పెట్టినా బెల్లం వెయ్యను. బెల్లం వేసినా భుజం ఎత్తుకి దించను. పొన్నూరు మాత్రం వెళుతున్నాను. బియ్యం ముందుగా నానబెట్టమని చెప్పాను, కిందటిసారి గట్టిగా ఉన్నాయి.