మనదే మామయ్యా, భూమ్మీద లేని ఆడమనిషీ

మనదే మామయ్య చెల్లెలి మొగుణ్ణి ముంచాడనీ, లేని మనిషి పేరున రాయల్టీ మింగి పన్ను ఎగ్గొట్టాడనీ వీధంతా కోడై కూసింది. అందులో మింగడం ఒక్కటే నిజం. ఆయన మింగేది ఎదుటివాళ్ల కాఫీ.

ఆయన నోట ‘నాది’, ‘నీది’ అన్న మాటలు ఎవరూ విని ఎరగరు. లోకంలో ఉన్నదంతా ‘మనదే’. పక్కింటి నిచ్చెన మన నిచ్చెన. ఎదురింటి పేపరు మన పేపరు. గళ్లనుడికట్టు కూడా నింపి తిరిగిచ్చేవాడు. ఒకసారి బస్సులో పక్కవాడి కళ్లజోడు లాగి పెట్టుకున్నాడు.

“అది నాదండీ!”

“మనదేలెండి. మన చూపు బాగా దెబ్బతింది, నంబరు మార్పించండి.”

చెల్లెలి మొగుడు దీనికి పూర్తిగా తిరగేసిన సరుకు. కుర్చీకీ, పెన్నుకీ, చివరికి కాఫీ కప్పు అడుగునా తన పేరు అంటించుకునేవాడు. పెళ్లాన్ని మాత్రం ‘ఏమేవ్’ అనేవాడు. ఆవిడ పేరుతో అతనికెప్పుడూ పని పడలేదు.

ఈ ఇద్దరూ చెరిసగం పెట్టి బట్టల క్లిప్పుల కంపెనీ తెరిచారు. తాడు తెగాల్సిందే తప్ప ఊడని క్లిప్పు! దాన్ని కనిపెట్టిన మనిషికి అమ్ముడైన ప్రతి పెట్టె మీదా కొంత రాయల్టీ వెళ్లేది. ఆ వ్యవహారమంతా మామయ్య చూసేవాడు. చదవకుండా సంతకాలు పెట్టడం బావగారి వాటా.

వ్యాపారం ఊపందుకోగానే బావగారికి సగం ఆనలేదు. కంపెనీ మొత్తం నాదేనని కోర్టుకెక్కాడు. రాయల్టీ అందుకునేది బోగస్ మనిషని పన్నుల ఆఫీసుకు ఫిర్యాదు చేశాడు. అది రుజువైతే మామయ్యకు జైలు, తనకు కంపెనీ.

పన్నుల అధికారి వచ్చి, ప్యాకింగ్ గది పక్కనున్న ఆఫీసులో కూర్చున్నాడు.

“కంపెనీ ఎవరిది?”

“మనదే,” అన్నాడు మామయ్య.

“ఆ ‘మన’లో నేనూ ఉన్నానా?”

“లేకపోతే ఎలా? ఏటా మీ వాటా పట్టుకెళ్తున్నారు కదా!”

అధికారి దగ్గి, కాగితంలో ఉన్న ఆడపేరు ఇంటిపేరుతో సహా చదివాడు. “ఎవరీవిడ?”

“మన మనిషే.”

“మీకు బస్సులో కండక్టరూ మన మనిషేనటగా! సరిగ్గా చెప్పండి.”

మామయ్య కిటికీలోంచి ఎండుతున్న చొక్కాలు చూస్తూ కూర్చున్నాడు. బావగారికి లోలోపల గంతులే. పైకి మాత్రం బల్ల గుద్దాడు. “ఎలా చెబుతాడండీ? అలాంటి ఆడమనిషి ఈ భూమ్మీదే లేదు. కావాలంటే రాసిస్తాను!”

“రాసివ్వండి,” అంది ప్యాకింగ్ గది గుమ్మంలోంచి అతని పెళ్లాం, చేతిలో క్లిప్పుల పెట్టెతో. “అది నేనేనండీ. పెళ్లికి ముందు నుంచీ ఉన్న పేరు.”

“నువ్వా? నీ పేరు... బుజ్జి కాదూ?”

“అది మా అన్నయ్య పిలిచే పేరు. పెళ్లి కార్డు చూడలేదా మీరు?”

“చూశాను,” అన్నాడతను. “నా పేరు దాకా చూశాను.”

మీ చొక్కాలు మాటిమాటికీ ఎగిరిపోతుంటే విసుగెత్తి, క్లిప్పు స్ప్రింగుకు ఇంకో మెలిక వేసింది నేనే అంది ఆవిడ. డిజైను కూడా తన పేరునే ఉందట. అధికారి కాగితాలు సర్దుకుంటూ, “భూమ్మీద లేని ఈవిడే మీ ఇద్దరికంటే ముందు పన్ను కడుతోందండీ,” అన్నాడు.

“కోర్టు కేసు వెనక్కి తీసుకోండి,” అంది ఆవిడ మొగుడితో. “లేదంటే నా డిజైను నేను పట్టుకెళ్తాను. రేపటి నుంచి ఈ కంపెనీలో ఆరేసుకోవడానికి మీ పేరు బోర్డు ఒక్కటే మిగులుతుంది.”

బావగారు సరేనని తలూపాడు. అందరూ వెళ్లాక, పక్కింటి అత్తయ్య కిటికీ దగ్గరే చెవి పెట్టి నిలబడిందని కూడా చూసుకోకుండా మామయ్యను నిలదీశాడు. “లోకమంతా మనదే అంటావు కదా బావా! మరి ఆ డబ్బు సంగతి నాకెందుకు చెప్పలేదు?”

“అదొక్కటీ మనది కాదు బావా, బుజ్జిది,” అన్నాడు మామయ్య. “నీకు చెబితే మర్నాటికల్లా దాని మీదా నీ పేరు అంటించేవాడివి. సరేగానీ, మన కాఫీ చల్లారిపోతోంది, ఆ కప్పు ఇలా ఇయ్యి.”