పూడిక తీయని కాలువ

ఈ మాట గొంతులో అడ్డుపడి చాలా ఏళ్లైంది. ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా. మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

మాది కోవూరు దగ్గర పల్లె. వరి పండిస్తాం. కోతలయ్యాక ఫాల్గుణంలో నాకు చేను వైపు వెళ్లబుద్ధి కాదు. ఒంట్లో బాగానే ఉంటుంది. పనీ ఉంటుంది. గట్లు సరిచేయాలి, మురుగు కాలువలో పూడిక తీయాలి. కానీ పచ్చగా ఏమీ కనిపించని చేలో దిగి మట్టి ఎత్తిపోయాలంటే చేతులు రావు. రేపు చూద్దాంలే అనుకునేవాణ్ని. అది బద్ధకమా, అలసటా? ఇప్పటికీ తెలియదు.

మా చేనికి ఎగువన పెంచలయ్యది. రెండు చేల నీళ్లూ ఒకే మురుగు కాలువలోకి పోవాలి. నా చేను దాటాక తుమ్మచెట్ల మధ్యగా పోయే కాలువ ముక్కను బాగుచేయడం నా వంతు. ఒక ఏడు రెండో కారు పంటకు నీళ్లు రాలేదు. వేసవంతా ఖాళీయే. అయినా పార పట్టలేదు. కాలువ నిండా తూటికాడ తీగ అల్లుకుపోయింది.

నారు పోసే రోజుల్లో పెంచలయ్య భార్య సుబ్బమ్మ గట్టు మీద ఎదురైంది. వాళ్లింట్లో ఏ మడిలో ఏం వేయాలో చెప్పేది ఆమే.

“అన్నా, కాలువ తీసినావా? పల్లపు మడిలో నారు పోద్దామనుకుంటా ఉండా.”

“ఫాల్గుణంలోనే తీసినానమ్మా. పోసుకో.”

ఎందుకలా అన్నాను? తీయలేదని చెప్పడానికి సిగ్గేసింది, అంతే. ఆ సాయంత్రమే వెళ్లి తీసేద్దామనుకున్నాను. వెళ్లలేదు.

వాన పట్టింది. ఆమె నారుమడి మునిగింది. గోనెసంచి కప్పుకుని తుమ్మల్లోకి వెళ్లి, నెలల తరబడి చేయని పని ఒక్క పూటలో చేశాను. నీళ్లు కదిలాయి. అప్పటికే నారు కుళ్లిపోయింది.

బురదతో వస్తున్న నన్ను చూసి, తమ కోసమే వానలో తిప్పలు పడ్డాననుకున్నాడు పెంచలయ్య. నా చేతులు పట్టుకున్నాడు. ఆపైన నలుగురి ముందూ భార్య మీద విరుచుకుపడ్డాడు.

“నీ మాట ఇని పల్లంలో పోసినా చూడు, నాకు బుద్ధి లేదు!”

 కాలువ తీసే ఉందని సుబ్బమ్మ నమ్మింది కాబట్టి తప్పు తనదేననుకుంది. లోపలికెళ్లి నాకు కాఫీ తెచ్చింది. తాగాను.

ఇప్పుడు కోతలవగానే అందరికంటే ముందు పారతో కాలువలో దిగేది నేనే. పని మీద ఇష్టం పుట్టిందా అంటే, లేదు. ఇంట్లో కూర్చుంటే ఆమె ముఖం గుర్తొస్తుంది. ఊళ్లో మాత్రం నాకు కష్టజీవినని పేరు.

ఈమధ్య వాళ్లింటికి వెళ్లాను. ఖాళీ చేలో మినుములు వేద్దామా అని పెంచలయ్య ఆమెనడిగాడు.

“నాకేం తెలుసు? అన్ననడుగు,” అంది నా వైపు చూపించి.

ఆమె ముందు నోరు విప్పగలనో లేదో తెలియదు. విప్పితే క్షమిస్తుందనీ అనుకోను. ఇక్కడైనా అంటాను. కాలువ నేను తీయలేదు. సుబ్బమ్మ ఎంచిన మడి మంచిదే.