దడకు భయపడే నేను పరుగు నేర్చుకున్నాను

వరలక్ష్మీ వ్రతం మూడు రోజులుందనగా, ఒక మంగళవారం పదకొండు గంటలప్పుడు, నా టైలరింగ్ షాపులో జాకెట్టు గుడ్డ కత్తిరిస్తున్నాను. ఉన్నట్టుండి గుండె దడదడలాడటం మొదలైంది. వేళ్లు తిమ్మిరెక్కాయి. గాలి లోపలికి వెళ్తోంది కానీ అందుతున్నట్టు లేదు. ఎదురుగా కూర్చున్నావిడ చేతుల పొడవు ఎంతుండాలో చెబుతోంది. ఆ మాటలు ఎక్కడో దూరం నుంచి వినిపిస్తున్నాయి. నాకు తోచింది ఒక్కటే. నాన్నగారికి వచ్చిందే నాకూ వచ్చింది.

మా నాన్నగారు నలభై రెండేళ్లకే గుండెపోటుతో పోయారు. భోజనానికి కూర్చుని మజ్జిగ అడిగారు. నేను గిన్నె తెచ్చేసరికి పక్కకు ఒరిగిపోయి ఉన్నారు. అప్పుడు నాకు పదిహేనేళ్లు. షాపులో నాకు దడ వచ్చిన మంగళవారానికి నాకు నలభై రెండు నిండి పది రోజులైంది.

నా పేరు సత్యవతి. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మావారు మస్కట్‌లో డ్రైవరు, రెండేళ్లకోసారి వస్తారు. ఇంట్లో మా అత్తయ్యగారు, నేను, అప్పటికి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి హారిక ఉంటాం.

ఆ రోజు పక్క షాపువాళ్లు నన్ను ఆటోలో హాస్పిటల్‌కి తీసుకెళ్లారు. ఈసీజీ తీసేసరికి దడ తగ్గిపోయింది. "నార్మల్‌గా ఉందమ్మా. గ్యాస్ అయ్యుంటుంది, లేకపోతే టెన్షన్" అన్నారు డ్యూటీ డాక్టరు. బతికినందుకు సంతోషించాలో, ఇంతమందిని కంగారు పెట్టినందుకు సిగ్గుపడాలో తెలియలేదు.

పది రోజులకు మళ్లీ వచ్చింది. తర్వాత వారానికోసారి. అమలాపురం వెళ్లి టూడీ ఎకో, థైరాయిడ్, షుగర్, చివరికి ట్రెడ్‌మిల్ మీద నడిపించి చూసే టీఎంటీ కూడా చేయించుకున్నాను. అన్నీ నార్మలే. ఒకసారి క్యాజువాలిటీలో నర్సు నన్ను గుర్తుపట్టి, "మళ్లీ వచ్చేరా అండీ?" అంది. ఆ అమ్మాయి మంచిగానే అడిగింది. నాకు మాత్రం మంచం మీద నుంచి లేచి వెళ్లిపోవాలనిపించింది.

మెల్లగా నా బతుకు కుదించుకుపోయింది. బస్సెక్కడం మానేశాను. మేడ మెట్లు ఎక్కడం మానేశాను. కాఫీ మానేశాను. షాపు మధ్యాహ్నానికే మూసేసేదాన్ని. కూర్చున్నచోటే మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెట్టుకునేదాన్ని. ఒకరోజు హారిక నా చెయ్యి తీసి తన చేతిలో పెట్టుకుని, "ఇంక లెక్కపెట్టకమ్మా" అంది.

టీఎంటీ చేసిన కార్డియాలజిస్టుగారు నా ఫైలు మూసి, "మీ గుండె బాగుందమ్మా. మీ భయానికి ట్రీట్‌మెంట్ కావాలి" అని రాజమండ్రిలో ఒక సైకియాట్రిస్టుకు ఉత్తరం రాసిచ్చారు. ఇంటికొచ్చి చెబితే అత్తయ్యగారి ముఖం మాడిపోయింది.

"పిచ్చి డాక్టరు దగ్గరికా? నలుగురికీ తెలిస్తే ఏవనుకుంటారమ్మా?"

"తెలిస్తే తెలుస్తుందండి. నాకు ఇలా బతకడం చేతకావట్లేదు" అన్నాను. ఆవిడకు ఎదురు చెప్పడం నాకు అదే మొదటిసారి.

సైకియాట్రిస్టు యాభై దాటిన ఆవిడ. నేను చెప్పిందంతా మధ్యలో అడ్డు రాకుండా విన్నారు. "దీన్ని పానిక్ డిజార్డర్ అంటారండి. మీకు గుండెజబ్బు లేదు. గుండె గట్టిగా కొట్టుకుంటే చాలు, చచ్చిపోతున్నానని మీ మెదడు గంట కొట్టేస్తోంది. ఆ గంటే తప్పుగా మోగుతోంది" అన్నారు. రోజుకొక మాత్ర రాశారు. పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందని, కంగారుపడొద్దని చెప్పారు. నెలన్నరకు కాస్త తెరిపి వచ్చింది. అప్పుడు అన్నారు, "ఇంక మెల్లగా పరిగెత్తడం మొదలెట్టండి" అని.

"పరిగెత్తడమా? ఆ దడ రాకూడదనే కదండీ నేను మెట్లు కూడా ఎక్కట్లేదు!"

"ఆయ్, అందుకేనండి. దడ వచ్చినా ఏమీ కాదని మీ ఒంటికి మళ్లీ నేర్పాలి. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక. అంతే."

మర్నాడు తెల్లవారాక హారిక పాత స్కూలు బూట్లు వేసుకుని, చుడీదార్ మీద చున్నీ నడుముకు బిగించి కాలవ గట్టు మీదకు వెళ్లాను. పెళ్లయ్యాక నేను పరిగెత్తడం అదే మొదలు. ఇరవై అడుగులు వేశానో లేదో, ఎదురుగా కొబ్బరి దింపుకు వెళ్తున్నాయన మోకు కింద పడేసి నా పక్కన తనూ పరిగెత్తడం మొదలెట్టాడు.

"ఏవైందండీ? ఎవరికి బాలేదు?"

"ఎవరికీ ఏమీ కాలేదండి. ఊరికే" అన్నాను రొప్పుతూ.

"ఊరికే పరిగెడతారేంటండీ ఎవరైనా!" అంటూ ఆగిపోయాడు. అతనికి కోపమొచ్చిందో నవ్వొచ్చిందో చూడలేదు. నేను తల వంచుకుని ఇంటికి నడిచి వచ్చి, స్నానాల గదిలో గడియ పెట్టుకుని ఏడ్చాను. రెండు రోజులు బూట్లు ముట్టుకోలేదు.

మూడో రోజు వెళ్లాను. నిమిషం పరిగెత్తేసరికి గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. ఇది పరుగు దడా, జబ్బు దడా? రెండింటికీ తేడా నాకు తెలిసేది కాదు. ఒక్కోరోజు నిమిషం అయ్యాక నడుస్తుంటే దడ దానంతటదే సర్దుకునేది. అప్పుడు ఒంట్లో ఏదో తేలికగా ఉండేది. ఆ పూట కూర రుచి కూడా తెలిసేది. మర్నాడు అదే చోట, అంతే దూరం పరిగెత్తినా భయం ముంచుకొచ్చేది. నిన్న బాగున్నదాన్ని ఇవాళ ఎందుకు ఇలా ఉన్నానో అర్థమయ్యేది కాదు. బాగున్న రోజు నాకు నేనే ముద్దొచ్చేదాన్ని. బాగోలేని రోజు చేతకానిదాన్నని తిట్టుకునేదాన్ని. రెండూ ఒకే వారంలో జరిగేవి.

నాలుగో వారంలో గట్టు మీదే ఎటాక్ వచ్చింది. తిన్నగా హాస్పిటల్‌కి వెళ్లి ఈసీజీ తీయించుకున్నాను. సైకియాట్రిస్టుగారికి ఫోన్ చేస్తే, "ఇది ఎన్నోదమ్మా?" అన్నారు.

"ఏడో ఈసీజీ అండి."

"కొత్తరకం నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా వెంటనే వెళ్లండి. పాత దడే అయితే మాత్రం పది నిమిషాలు నడిచి చూడండి. ఎనిమిదోది తీయించుకోకుండా ఆపగలరేమో చూద్దాం."

ఈలోగా సంగతి మస్కట్ దాకా పాకింది. "ఊళ్లో నవ్వుతున్నారంట కదా. అంత పరిగెత్తాలనుంటే పెరట్లో పరిగెత్తు" అన్నారు మావారు వీడియో కాల్‌లో.

"పెరట్లో నాలుగు అంగలకు గోడొస్తుందండి" అన్నాను.

ఫోన్ పెట్టేశాక చాలాసేపు బాధగా ఉండిపోయింది. నేను సరదాకు పరిగెడుతున్నానని అనుకుంటున్నారా అనిపించింది.

అయినా వదల్లేదు. నిమిషం రెండైంది, రెండు ఐదైంది. అయిదో నెలలో ఒకరోజు మా ఊరి వంతెన దగ్గర మొదలెట్టి, కాలవ లాకుల దాకా ఎక్కడా ఆగకుండా పరిగెత్తాను. రెండు కిలోమీటర్లు. చెమటతో చున్నీ తడిసిపోయింది. గుండె అంత గట్టిగా కొట్టుకుంటున్నా నాకు భయం వేయలేదు. లాకుల మీద నిలబడి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఇంటికొచ్చి హారికను కౌగిలించుకుంటే, "అమ్మా, చెమట!" అని తోసేసి తనూ నవ్వింది.

ఆ సంతోషంలోనే పెద్ద తప్పు చేశాను. నాకు నయమైపోయిందనుకున్నాను. పరుగు ఉండగా మాత్ర ఎందుకనుకుని, ఎవరికీ చెప్పకుండా మానేశాను.

నాలుగైదు రోజులకు తల తిరగడం మొదలైంది. తలలో కరెంటు కొట్టినట్టు జివ్వుమనేది. ఎండ వల్ల అనుకున్నాను. పదో రోజు గట్టు మీద పరిగెడుతుండగా, ఇంతకుముందెప్పుడూ రానంత ఎటాక్ వచ్చింది. కాళ్లు తడబడి బోర్లా పడ్డాను. మోకాలు చీరుకుపోయింది. ఇటుకలు దింపి వస్తున్న ట్రాలీ ఆటోలో పడుకోబెట్టి ఇంటికి తెచ్చారు. మా వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చి చూసింది. ముఖాన చున్నీ కప్పుకున్నాను.

తర్వాత మూడు వారాలు గది దాటలేదు. మొదట్లో కన్నా ఇదే ఎక్కువ నరకం. మొదట్లో జబ్బేమిటో తెలియదు. ఇప్పుడు తెలుసు. ఒకసారి బయటపడి మళ్లీ అందులోనే పడ్డానంటే ఇంక దీనికి అంతు లేదనిపించింది. పరుగన్నా నాకు కోపం వచ్చింది. ఇన్ని నెలల కష్టం పది రోజుల్లో పోయింది. ఎందుకొచ్చిన బతుకని కూడా అనుకున్నాను. ఆ మాట అప్పుడు ఎవరితోనూ అనలేదు.

ఆ రోజుల్లోనే హారికకు కాకినాడలో బీఎస్సీ నర్సింగ్ సీటు వచ్చింది. ఆ కబురు చెప్పడానికి నా మంచం దగ్గరికి వచ్చి, చెప్పిన వెంటనే, "నేను వెళ్లనమ్మా" అంది.

"అదేంటే? నువ్వు కోరుకున్నదేగా!"

"నువ్విక్కడ పడిపోతే నాకక్కడ ఏం చదువెక్కుతుంది? రాజోల్లోనే డిగ్రీలో చేరిపోతాను."

ఏడవకుండా చెప్పింది. అదే నన్ను ఎక్కువ కోసింది. తండ్రి ముందు మజ్జిగ గిన్నెతో నిలబడిపోయిన పిల్లను నేను. ఇప్పుడు నా కూతుర్ని కూడా అలాగే నిలబెట్టేస్తున్నాను కదా అనిపించింది.

మర్నాడే రాజమండ్రి వెళ్లాను. అత్తయ్యగారు నేనూ వస్తానని పట్టుబట్టి వెంట వచ్చారు. పిచ్చి డాక్టరన్నావిడే బయట బెంచీ మీద నా ఫైలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. లోపల డాక్టరుగారికి అంతా చెప్పాను, చచ్చిపోవాలనిపించిన సంగతి కూడా. ఆవిడ దాని గురించే ఎక్కువసేపు అడిగారు. తర్వాత మాత్రల సంగతికి వచ్చారు.

"ఎవర్నడిగి మానేరండీ?"

"బాగుందనిపించిందండి."

"మందు పనిచేస్తోంది కాబట్టేనండి బాగుంది. ఆ తల తిరగడం, జివ్వుమనడం కూడా ఒక్కసారిగా ఆపేయడం వల్లే. ఆపే రోజు వస్తుంది. అప్పుడు నేనే మెల్లమెల్లగా తగ్గిస్తాను. పరుగు మానకండి, కానీ మళ్లీ ఒకటో నిమిషం నుంచి."

రెండు కిలోమీటర్లు పరిగెత్తినదాన్ని మళ్లీ ఒక నిమిషం దగ్గర మొదలెట్టడం ఎంత కష్టమో ఎలా చెప్పను! మొదటిసారి తెలియనితనం ఉంది. రెండోసారి అదీ లేదు. పైగా నేను పడిపోయిన సంగతి ఊరందరికీ తెలుసు.

మొదటి రోజు గుమ్మం దిగుతుంటే అత్తయ్యగారు చెప్పులేసుకుని వెనకే వచ్చారు.

"ఇంత పొద్దున్నే మీరెందుకండీ?"

"నువ్వు పడితే చూసేవోళ్లుండొద్దా?"

గట్టు మీద తూము దగ్గర కొంగు కప్పుకుని కూర్చునేవారు. నేను అటూ ఇటూ పరిగెత్తేదాన్ని. ఒకరోజు పాలకు వెళ్తున్న ఒకావిడ ఆగి, "మీ కోడలు ఎక్కడికండీ ఆ పరుగు?" అంది నవ్వుతూ.

"ఎక్కడికీ కాదమ్మా. మందేసుకుంటోంది. పొద్దున్నే వేసుకోవాలంట" అన్నారు అత్తయ్యగారు.

ఆ తర్వాత నన్నెవరూ ఆపి అడగలేదు.

హారికను కాలేజీలో దింపడానికి నేనే వెళ్తానన్నాను. ఎదుర్లంక వంతెన మీదికి బస్సు ఎక్కగానే దడ మొదలైంది. కింద గోదావరి, ముందూ వెనకా కదలని లారీలు. దిగిపోవడానికి లేదు. ముందు సీటు కడ్డీ పట్టుకున్నాను. హారిక నా వేళ్లు చూసి గ్రహించింది. కిటికీ అద్దం పక్కకు జరిపింది. గట్టు మీద నేను ఇన్నిసార్లు రొప్పలేదా, ఇదీ అలాంటిదే అని నాకు నేను చెప్పుకున్నాను. నమ్మకం కలగలేదు. అయినా చెప్పుకుంటూనే ఉన్నాను. యానాం వచ్చేసరికి చేతులు వదులయ్యాయి. సాయంత్రం అదే వంతెన మీద ఒక్కదాన్నే తిరిగి వచ్చాను.

ఇది జరిగి ఏడాది దాటింది. మాత్ర ఇంకా వేసుకుంటున్నాను, డాక్టరుగారు సగానికి తగ్గించారు. వారానికి మూడు రోజులు పరిగెడతాను. లాకుల దాకా ఒక్కోసారి ఆగకుండా వెళ్తాను, ఒక్కోసారి సగంలోనే నడకకు దిగుతాను. అలాంటి రోజు ఇప్పటికీ దిగులుగానే ఉంటుంది. పోయిన నెల షాపులో ఒకసారి ఎటాక్ వచ్చింది. కత్తెర పక్కన పెట్టి వీధి చివరి దాకా నడిచి వచ్చాను. ఎనిమిదో ఈసీజీ ఇంకా తీయించుకోలేదు. మావారు మొన్న సెలవుకు వచ్చినప్పుడు ఒక ఉదయం సైకిల్ మీద నా వెనకే వచ్చారు. మర్నాడు బజారుకెళ్లి నా కాలికి సరిపోయే బూట్లు తెచ్చారు.

పూర్తిగా నయమైందని రాయలేను. ఇది చదివేవాళ్లలో నాలాంటివాళ్లుంటే ఒక్క మాట చెబుతాను. మందు మానేయాలని బాగోలేని రోజున అనిపించదు, బాగున్న రోజునే అనిపిస్తుంది. ఆ రోజు మాత్ర వేసుకుని, మీ డాక్టరుగారికి ఫోన్ చేయండి.